జర్మనీలో 'ఓ పేర్' ఛాన్స్ అంటున్నారా? జీతం కాదు.. ముందు భాషా క్లాసు సంగతి అడగండి!

కొలిమిగుండ్ల అనగానే అందరికీ బెలుం గుహలు గుర్తొస్తాయి. 1982, 83లలో ఆ గుహల లోతు, పొడవు కొలిచింది ఓ జర్మన్ బృందమే. ఇప్పుడు అదే జర్మనీ పేరు రాయలసీమ పల్లెల్లోని ఫోన్లలోనూ రీల్స్‌గా తిరుగుతోంది. "ఓ పేర్‌గా వెళ్లండి, ఉండటం ఫ్రీ, తిండి ఫ్రీ, నెలకు యూరోలు" అన్నది ప్రచారం. ఇందులో నిజమెంత? అసలు చూసుకోవాల్సింది ఏంటి?

ఓ పేర్ అంటే ఏంటి?

ఇది ఫ్రెంచ్ మాట. 'సమానంగా' అని అర్థం. విదేశీ కుటుంబంతో ఇంటి మనిషిలా ఉండి, పిల్లల్ని చూసుకుంటూ, చిన్నచిన్న ఇంటిపనుల్లో సాయం చేస్తూ, ఆ దేశం భాష నేర్చుకోవడమే ఈ పద్ధతి. అమ్మాయిలే కాదు, అబ్బాయిలూ వెళ్లొచ్చు.

జర్మనీ రూల్స్ ప్రకారం 18 ఏళ్లు నిండాలి, వీసాకు అప్లై చేసే నాటికి 27 నిండకూడదు. వెళ్లేముందే జర్మన్ భాషలో ఏ1 స్థాయి రావాలి. పని వారానికి 30 గంటలు మించకూడదు. నెలకు 280 యూరోలు ఇస్తారు. మన లెక్కలో 25 వేల రూపాయలకు పైమాటే. కానీ ఇది జీతం కాదు, పాకెట్ మనీ. ఇన్సూరెన్స్ ఖర్చు ఆ కుటుంబానిదే. వృద్ధులకు సేవ చేయడం లాంటివి ఈ పనిలోకి రావు.

అసలు విషయం క్లాసులోనే ఉంది

గల్ఫ్‌లో ఇంటిపనికి, దీనికి తేడా తెచ్చేది భాషా కోర్సే. కోర్సు కోసం కుటుంబం నెలకు 70 యూరోలు ఇవ్వాలి, క్లాసుకు వెళ్లే టైమూ ఇవ్వాలి. అయితే రోజంతా నడిచే ఇంటెన్సివ్ కోర్సులకు ఈ డబ్బు చాలదు. అందుకే చాలామంది 'ఫోక్స్‌హోహ్‌షూలే' అనే వయోజన విద్యా కేంద్రాల్లో తక్కువ ఫీజు క్లాసుల్లో చేరతారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. మొదటి నుంచి బీ1 స్థాయికి రావాలంటే 45 నిమిషాల పీరియడ్లు 350 నుంచి 650 దాకా పడతాయని గోథే సంస్థ అంచనా. వారానికి రెండు సాయంత్రాలు, పూటకు రెండు పీరియడ్ల చొప్పున వెళ్తే ఏడాదికి వచ్చేది 200 లోపే. అంటే ఒక్క క్లాసు పోకుండా వెళ్లినా, ఇంట్లోనూ చదువుకుంటేనే బీ1 అందుతుంది. "ఈ రోజు బాబును చూసుకో, క్లాసుకు రేపు వెళ్దువులే" అని నాలుగుసార్లు అయితే? ఏడాది ఇట్టే కరిగిపోతుంది.

ఓ పేర్ వీసా గరిష్ఠంగా ఏడాదే. పొడిగించరు, రెండోసారి ఇవ్వరు. ఆ తర్వాత అక్కడే ఆస్పత్రిలోనో, హోటల్‌లోనో ట్రైనింగ్ కోర్సులో చేరాలంటే సాధారణంగా బీ1 అడుగుతారు. భాష వస్తే దారి ఉంటుంది. రాకపోతే తిరుగు టికెట్టే.

"మన తెలుగువాళ్ల ఇల్లే" అంటే జాగ్రత్త

తల్లిదండ్రులు ధైర్యపడేది ఈ మాటకే. కానీ రూల్ సరిగ్గా దీనికి అడ్డం. ఆ ఇంట్లో జర్మనే మాట్లాడాలి. అంతే కాదు, ఆ దంపతుల సొంత దేశం నుంచి ఓ పేర్‌ను తెచ్చుకోకూడదు. అంటే ఇండియా నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబానికి ఇండియా అమ్మాయి ఓ పేర్‌గా కుదరదు. ఎవరైనా అలా చెబితే అక్కడే అనుమానించాలి.

ఇంకో సంగతి. గల్ఫ్‌లో ఇంటిపనికి 30 ఏళ్లు నిండని మహిళలకు మన ప్రభుత్వం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వదు. ఆ క్లియరెన్స్ అవసరమైన దేశాల జాబితాలో జర్మనీ లేదు. కాబట్టి ఇక్కడ ఆ జల్లెడ ఉండదు. చేతిలోని ఒప్పంద పత్రమే రక్షణ.

వేరే దేశాల్లో ఎలా?

ఫ్రాన్స్‌లో పని వారానికి 25 గంటలు మించకూడదు. అమెరికాలో మాత్రం 45 గంటల దాకా ఉంటుంది, చదువు ఖర్చుకు కుటుంబం 500 డాలర్ల వరకు ఇస్తుంది. రూల్స్ వేరైనా చదువు అన్న షరతు ఈ దేశాల్లోనూ ఉంది.

సంతకానికి ముందు ఇవి అడగండి

• క్లాసు ఎక్కడ? ఇంటి నుంచి ఎంత దూరం? బస్సు, రైలు ఖర్చు ఎవరిది?
• వారంలో ఏ రోజులు, ఏ టైమ్‌కి? అది ఒప్పందంలో రాశారా?
• నెలకు 70 యూరోల మాట కాగితం మీద ఉందా?
• ఏజెంట్ ఫీజు ఎంత? జర్మనీ ఏజెన్సీలు ఓ పేర్ నుంచి 150 యూరోలకు మించి తీసుకోకూడదు. లక్షలు అడిగితే వెనక్కి వచ్చేయండి.

ఏ1 పరీక్షకు హైదరాబాద్‌లోని గోథే సెంట్రమ్ ఉంది. కొలిమిగుండ్ల నుంచి కోచింగ్ కోసం అంత దూరం వెళ్లి ఉండటం అంటే ఖర్చే. నంద్యాల లాంటి చోట ఏ1 క్లాసులు అందుబాటులోకి వస్తే, పల్లె అమ్మాయిలు ఏజెంట్ మాట మీద కాకుండా తమ కాళ్ల మీద నిలబడి వెళ్లగలుగుతారు. అక్కడికి చేరాక ఇబ్బంది ఎదురైతే, మహిళల కోసం 116 016 హెల్ప్‌లైన్ జర్మనీలో 24 గంటలూ పనిచేస్తుంది. ఈ నంబర్ బయల్దేరే ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.