నక్షా గీసే చేతికి హలాల్ పనిముట్టు



మన మొహల్లాల్లో వెల్డింగ్ షెడ్లు, ఇనుప గేట్ల దుకాణాలు, మేస్త్రీ ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్, పాలిటెక్నిక్‌లో సివిల్, మెకానికల్ చదువుతున్నారు. మాషాఅల్లాహ్! కానీ ఇంట్లో ప్రాక్టీసు కోసం చాలామందికి మొదట దొరికేది దోస్తు పెన్‌డ్రైవ్‌లోని క్రాక్ చేసిన ఆటోక్యాడ్. వడ్డీ రూపాయి ముట్టని అబ్బాజాన్ ఇంట్లోనే కొడుకు తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్‌తో కమాయీ మొదలుపెడతాడు. దాని ఫికర్ ఎవరికీ ఉండదు.

నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వను. కానీ ఒకరి మెహనత్‌ని ఇజాజత్ లేకుండా వాడి దాని మీద రోజీ సంపాదించడానికి నా దిల్ ఒప్పుకోదు. ఆటోడెస్క్ కంపెనీ విద్యార్థులకు ముఫ్త్‌గా ఇచ్చేది చదువు కోసమే, సంపాదన కోసం కాదు. పైగా ఆటోక్యాడ్‌కి విండోస్ గానీ మ్యాక్ గానీ ఉండాలి.

"లినక్స్‌లో క్యాడ్ ఎక్కడిది?" అంటారు. ఉంది. ఇంటి ప్లాను, గ్రిల్ డిజైను లాంటి 2డీ పనికి లిబ్రెక్యాడ్ చాలు. అది చిన్నది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. 3డీకి ఫ్రీక్యాడ్ ఉంది. అందులో ఒక కొలత మారిస్తే దాని మీద ఆధారపడిన భాగాలన్నీ మారతాయి. ఇంతకుముందు అలా మార్చినప్పుడు రంధ్రాలు, అంచులు తప్పు చోట అతుక్కునేవి. 2002లో మొదలైన ఫ్రీక్యాడ్ 2024 నవంబరులో 1.0 వెర్షన్‌కి చేరింది, ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. అదీ సబర్ అంటే!

అయితే సచ్ చెప్పాలి. అసలు ముష్కిల్ డీడబ్ల్యూజీ ఫైళ్లతోనే. ఆఫీసులు అడిగేది అదే. లిబ్రెక్యాడ్ డీడబ్ల్యూజీలో సేవ్ చేయదు, డీఎక్స్ఎఫ్‌లో చేస్తుంది. ఫ్రీక్యాడ్‌కి వేరే కన్వర్టర్ జోడించాలి. మార్చాక అక్షరాలు, కొలతలు ఒకసారి సరిచూసుకోవాలి. రోజూ డీడబ్ల్యూజీతోనే పని ఉంటే లినక్స్‌లో నడిచే క్యూక్యాడ్ ప్రొఫెషనల్, బ్రిక్స్‌క్యాడ్ ఉన్నాయి. అవి ముఫ్త్ కాదు, కొనాలి. నాలుగు పైసలు వచ్చాక కొనడం హక్కుదారుకి హక్కు ఇవ్వడమే.

నేర్చుకునే బచ్చాకి మాత్రం ఇవేవీ అడ్డు కావు. గీత, లేయరు, డైమెన్షను, స్కేలు ఎక్కడైనా అవే. లిబ్రెక్యాడ్‌లో చేయి తిరిగినవాడు ఉద్యోగంలో ఆటోక్యాడ్‌ని తొందరగానే పట్టుకుంటాడు.

మన ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. లిబ్రెక్యాడ్, ఫ్రీక్యాడ్ రెండూ. వాటి లైసెన్సే కాపీ చేసి పంచుకోమని ఇజాజత్ ఇస్తుంది. మస్జిద్ కమిటీలు నడిపే కంప్యూటర్ సెంటర్లలో ముందు ఇవే వేయించండి. దోస్తుల మధ్య తిరిగే ఆ పెన్‌డ్రైవ్‌లో క్రాక్ బదులు ఇవి ఉంటే, ఇన్షాఅల్లాహ్, ఇచ్చినవాడికి సవాబ్, గీసినవాడి రిజ్క్‌లో బర్కత్.