నొప్పులన్నీ పని నొప్పులు కావు

నాట్లు ముగిసేసరికి మన ఊళ్ళలో నడుము పట్టని మనిషి కనబడడు. ఆడకూలీలు పొద్దస్తమానం బురదలో వంగి నాట్లు వేస్తారు. రైతు మందు ట్యాంకు వీపున కట్టుకుని ఎకరాలకు ఎకరాలు తిరుగుతాడు. 45 కిలోల యూరియా బస్తా మోసేదీ ఆ నడుమే. అందుకే నొప్పి వస్తే మనం పెద్దగా పట్టించుకోం. ‘కష్టం చేసే ఒళ్ళు, నొప్పి రాక ఏమవుతుంది’ అనుకుని మళ్ళీ చేలోకి పోతాం. చాలామంది విషయంలో అది నిజం కూడా. అలాంటి నొప్పి కాస్త విశ్రాంతి ఇస్తే కొద్ది వారాల్లో తగ్గుతుంది. తగ్గని కొద్దిమంది గురించే ఈ నెల మాట్లాడదలచుకున్నాం.

మన సంఘ సభ్యుడైన ఒక కౌలు రైతుకు పత్తికి మందు కొట్టే రోజుల్లో నడుము నొప్పి మొదలైంది. సూది వేయించుకున్నాడు. నాలుగు రోజులు హాయిగా ఉండి నొప్పి మళ్ళీ వచ్చింది, మళ్ళీ సూది. ఇలా ఆరు నెలలు గడిచాయి. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. మనిషి చిక్కిపోయాడు. అప్పుల బెంగ అన్నారు అందరూ. ఒకరోజు కాళ్ళు స్వాధీనం తప్పి గట్టు మీద కూలబడ్డాకే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తేలిందేమిటంటే, వెన్నెముకకు క్షయ. ఊపిరితిత్తులకు వచ్చే క్షయే ఎముకకూ వస్తుంది, దగ్గు ఉండాలని లేదు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, సుమారు ఏడాది వాడాలి. కానీ పోయిన ఆరు నెలలను, ఆ ఏటి పంటను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఆ ఆరు నెలల్లో ఒక్కరైనా చొక్కా విప్పించి అతని వెన్ను చూడలేదు.

పని నొప్పికి ఒక స్వభావం ఉంది. పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గకుండా అర్ధరాత్రి నిద్ర లేపే నొప్పి అలాంటిది కాదు. ఆరు వారాలు దాటినా వదలని నొప్పి, జ్వరంతోనో రాత్రి చెమటలతోనో వచ్చే నొప్పి, తిండి సరిగ్గానే తింటున్నా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలై రోజురోజుకూ ముదిరే నొప్పి, గతంలో క్యాన్సర్ గానీ క్షయ గానీ వచ్చినవారిలో నొప్పి. వీటిలో ఏది కనిపించినా డాక్టరు పరీక్ష తప్పనిసరి. కాళ్ళు బలహీనపడినా, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి ఎక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు.

ఈ గుర్తుల వెనుక రకరకాల జబ్బులు ఉండవచ్చు. రొమ్ము, ఊపిరితిత్తులు, మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎముకలకు పాకి నడుము నొప్పిగానే మొదట బయటపడవచ్చు. పాతికేళ్ళ కుర్రవాడికి తెల్లవారుజామున నడుము బిగుసుకుని, నాలుగడుగులు నడిచాక సడలుతుంటే అది వెన్ను కీళ్ళ వాపు జబ్బు కావచ్చు. పాడి రైతులకు మరొకటి చెప్పాలి. పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ మనుషులకూ సోకుతుంది. చూడి పోయిన పశువు మాయను ఒట్టి చేతులతో తీసినా, పచ్చిపాలు తాగినా రావచ్చు. వచ్చి పోయే జ్వరం, చెమటలు, నడుము, కీళ్ళ నొప్పులు దాని లక్షణాలు. డాక్టరు అడగకపోయినా ‘మాకు పశువులున్నాయి’ అని మనమే చెప్పాలి.

సూది ఈ జబ్బులను నయం చేయదు, కప్పిపెడుతుంది. స్టెరాయిడ్ సూది అయితే లోపలి క్షయకు మరింత బలం ఇస్తుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసే ఒంటికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని 2006లో పశువులకు ఆ మందును మన దేశంలో నిషేధించారు. మనిషి రాబందు కాడు, ఆ మందు అవసరమైనప్పుడు కొద్దిరోజులు వాడవచ్చు. కానీ చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కుని మరమరాల్లా మింగేది కాదు.

ఊళ్ళో సూది వేసే వైద్యుడిని మాత్రమే తప్పు పట్టి లాభం లేదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే. ఆసుపత్రికి పోతే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. తీరా వెళితే డాక్టరు ఉండరు, ఉంటే ఎక్స్‌రే ఉండదు. నిర్లక్ష్యం అని మనల్ని నిందించేవారు ముందు ఈ లెక్క చూడాలి.

ఒంటి నొప్పి ఊరి సమస్య అవుతుందని నల్గొండ చెప్పింది. అక్కడ వంగిన వెన్నులు, బిగిసిన కీళ్ళు తాగే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చినవి. ఎవరి నొప్పి వారు భరించినంతకాలం ఎవరికీ పట్టలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీకి నిలబడ్డాక దేశమంతా అటు చూసింది.

అందుకే ప్రభుత్వాలను మేము అడుగుతున్నాం. ప్రతి పీహెచ్‌సీలో డాక్టరు ఉండాలి, రక్త పరీక్షలు జరగాలి. ఎక్స్‌రే మండలం దాటకుండా దొరకాలి. ఈ ప్రమాద గుర్తుల మీద ఆశా కార్యకర్తలకు, గ్రామీణ వైద్యులకు శిక్షణ ఇవ్వాలి. క్షయ రోగులకు నెలకు ఇవ్వాల్సిన 1000 రూపాయల పోషకాహార సాయం బకాయి లేకుండా ఖాతాలో పడాలి. దూడలకు బ్రూసెల్లా టీకాలు ప్రతి ఊళ్ళో వేయాలి.

మన శాఖలూ ఒక పని చేయాలి. వచ్చే గ్రామ సమావేశంలో పై గుర్తులను బిగ్గరగా చదివి వినిపించండి. మహిళలు తప్పకుండా ఉండేలా చూడండి, ఇంట్లో అందరికంటే ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్ళేది వాళ్ళే. ఆరు వారాలు దాటిన నొప్పితో ఎవరున్నారో అడగండి. ఉంటే ఒంటరిగా పంపకండి, తోడు వెళ్ళండి. మడిలో ఒక్క ఆకు రంగు మారితే ఆగి, తిప్పి, అడుగున పురుగుందేమో చూసే మనం మన ఒంటిని కూడా అలాగే చూసుకోవాలి.