కుంపటి లేకున్నా కాల్చిన వంకాయ పచ్చడి

కార్తీకం వచ్చిందంటే మార్కెట్లో వంకాయలు నిగనిగలాడతాయి. పొయ్యి నిప్పుల్లో కాల్చిన వంకాయ రుచి గ్యాస్‌తో పోయిందని పెద్దవాళ్ల బెంగ. ఓపిక ఉంటే ఆ రుచి గ్యాస్‌ మీదా వస్తుంది.

పెద్ద గుండ్రటి వంకాయకు పుచ్చు లేకుండా చూసి, గాట్లు పెట్టాలి. లేదంటే లోపలి ఆవిరికి కాయ పేలుతుంది. నూనె రాసి, సన్నని సెగపై తిప్పుతూ కాల్చాలి. తొడిమ దగ్గర కూడా మెత్తబడితేనే కాలినట్టు. రెండు టమాటాలు, గాటు పెట్టిన నాలుగు పచ్చిమిర్చి కూడా అలాగే కాల్చాలి. అన్నిటినీ గిన్నెలో వేసి ఐదు నిమిషాలు మూత పెడితే పొట్టు తేలిగ్గా వస్తుంది. నీళ్లతో కడిగితే మాత్రం పొగవాసన పోతుంది.

చేత్తోనే మెదిపి ఉప్పు, కాస్త చింతపండు గుజ్జు, కొత్తిమీర కలిపి ఇంగువ పోపు పెట్టాలి. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసిన ఇళ్లలోనూ వేడన్నంలోకి ఇది కమ్మగా ఉంటుంది.