చట్టము చేరని చిన్న యిండ్లు

నేటి గృహవిపణిలో చదరపుటడుగు వెల యడుగువారే గాని, వేసవిలో ఆ యింటి కెంత విద్యుచ్ఛక్తి కావలయునని యడుగువారు లేరు. కట్టినవాడు లాభము గైకొని వెడలిపోవును. బిల్లుల భారము మోయువాడు కాపురమున్నవాడు. ఆ విద్యుత్తునకై బొగ్గు మండుచున్నంతకాలము వాయుమండలమునకును చేటే.

శాసనములు లేకపోలేదు. 2022 నాటి శక్తిసంరక్షణ చట్టసవరణము 100 కిలోవాట్లును, ఆపైనను విద్యుద్భారము గల నివాసభవనములకు నిబంధనలు విధింప వీలు కల్పించినది. తెల్లని పూతతోనో పలకలతోనో ఎండను మరలగొట్టు చల్లని కప్పులను 2023లో తెలంగాణ 600 చదరపు గజములకు తగ్గని స్థలములందలి యిండ్లకు తప్పనిసరి చేసినది. అంతకు చిన్నవానికి అది యిచ్ఛాధీనము. మేడలకు నియమము, రేకుల యిండ్లకు ఇచ్ఛయా! ఎండ యెక్కువగ దాకునది యెవరినో వేరుగ జెప్పవలయునా?

2024లో ఆమోదింపబడిన పట్టణ ఆవాసయోజన రెండవ దశ కోటి కుటుంబముల కుద్దేశింపబడినది. ప్రజాధనముతో లేచు ఆ యిండ్ల కన్నిటికిని చల్లని కప్పు తప్పనిసరి కావలయును. విద్యుద్భార పరిమితిని తగ్గించు అధికారము రాష్ట్రములకు కలదు. ఉభయ తెలుగు రాష్ట్రములును దానిని వినియోగింపవలెను. అమ్మకమునకు వచ్చు ప్రతి యింటి శక్తివ్యయమును కొనువానికి ముందే తెలుపవలయును. నేడు కట్టు ఇండ్లు రెండు తరములు నిలుచును గావున ఈ పనిని వాయిదా వేయరాదు.