గీత ఎవరిది?

ఇంజనీరింగులో బ్రెసెన్‌హామ్ అల్గారిథం బట్టీ పట్టనివాళ్ళు మనలో తక్కువే. 1962లో ఐబీఎంలో ప్లాటర్ కోసం పుట్టింది, 1965లో అచ్చయింది. రెండు చుక్కల మధ్య ఏ పిక్సెళ్ళు వెలిగించాలో పూర్ణాంకాల లెక్కతోనే తేల్చేస్తుంది. పరీక్ష రాశాం, మర్చిపోయాం.

మొన్నామధ్య టాబ్లెట్ మీద సంతకం పెట్టించుకునే స్క్రీను ఒకటి రాయాల్సొచ్చినప్పుడు నాకవన్నీ మళ్ళీ గుర్తొచ్చాయి. ఒక్కపూట పనే కదా అనుకున్నా. కాదు!

ఎందుకంటే ప్రోగ్రాముకి మన చెయ్యి కనబడదు. మామూలు యూఎస్‌బీ మౌస్‌నే తీసుకోండి. సెకనుకి 125 సార్లు "ఇక్కడున్నా" అని చెప్తుంది, అంతే. సెకనుకి 2000 పిక్సెళ్ళ వేగంతో చెయ్యి విసిరితే రెండు కబుర్ల మధ్య 16 పిక్సెళ్ళ ఖాళీ. నేరుగా కలిపేస్తే వంపుల దగ్గర మూలలు తేలతాయి. అందుకే కాట్‌మల్-రోమ్ లాంటి వంపుగీత వాడతారు. అది వచ్చిన ప్రతి చుక్క గుండానూ పోతుంది. ఆ దారెంట కుంచె ఆకారాన్ని రబ్బరుస్టాంపులా గుద్దుకుంటూ వెళ్తారు. పెయింటు ప్రోగ్రాముల్లో స్టాంపుల మధ్య దూరం, అదే స్పేసింగ్, పెంచి చూడండి. గీత కాస్తా పూసలదండ అయిపోతుంది.

ఇంతవరకు బానే ఉంది. తర్వాత మా టీములో "స్మూతింగ్ కూడా పెట్టెయ్" అన్నారు. చివరి నాలుగైదు చుక్కల సగటు తీస్తే చాలు, వణుకు మాయం. డెమోలో అందరికీ నచ్చేసింది.

ఇంటికెళ్ళి మా నాన్నగారి చేత సంతకం పెట్టించా. డెబ్భై దాటాయి, చెయ్యి కొంచెం వణుకుతుంది. స్క్రీను మీద మాత్రం నున్నగా వచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "బావుందిరా. కానీ ఇది నా సంతకం కాదే!" అన్నారు.

మర్నాడు ఆ కోడ్ తీసేశా. కొంచెం గొడవైందిలెండి.

నా గోల ఒకటే. చుక్కల మధ్య ఖాళీ మన యంత్రం తెచ్చిన లోటు, అది పూడ్చడం మన బాధ్యత. వచ్చిన చుక్కలనే పక్కకి జరపడం వేరే సంగతి. అది మనిషి చేతిని దిద్దడం. బొమ్మలేసేవాళ్ళకి స్మూతింగ్ వరమే, కాదనను. ఫోటోషాప్‌లో దాన్ని శాతాల్లో తగ్గించుకోవచ్చు, సున్నా కూడా పెట్టుకోవచ్చు. అలా మీట వాళ్ళ చేతిలో ఉండాలి. సంతకం దగ్గరైతే ఆ మీట అసలు ఉండకూడదు.

అందంగా ఉందా అని అడిగే ముందు, ఆ గీత ఎవరిదో అడగొద్దూ?