పెరటి చెట్టు మందు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. చెట్టులో లోపమేమీ లేదు. ఇంట్లోదే గదా అని మనకు లోకువ, అంతే. ఈ రోజుల్లో మన ఇళ్ళల్లోని కంప్యూటరుకు ఈ సామెత చక్కగా సరిపోతుంది.

పర్చూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారిది మిరప, పత్తి సేద్యం. భర్త నిరుడు పోయారు. ఆయన లెక్కలన్నీ కంప్యూటరులో, ఎక్సెల్ పట్టికల్లో రాసి ఉంచారు. గుంటూరు యార్డుకు ఎన్ని టిక్కీలు తోలిందీ, ఏ కమీషను వ్యాపారి ఎంత ఇచ్చిందీ, ఇంకా ఎంత రావలసిందీ, ఎరువుల కొట్లో బాకీ ఎంతో, అన్నీ అందులోనే ఉన్నాయి. ఈవిడ పట్టిక తెరవగలరు, కొత్త పద్దు రాయగలరు. కాని ఒక్క వ్యాపారి పేరిట ఉన్న పద్దులు మాత్రమే కూడి చూడడం తెలియలేదు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాణ్ణి పిలిస్తే, ఐదువందలు పుచ్చుకొని చేసిపెట్టి వెళ్ళాడు. నాలుగు రోజులు తిరక్కుండా వీరి ఎరువుల బాకీ ఎంతో ఊళ్ళో నలుగురి నోటా వినబడిందట! “డబ్బు పోతే పోయింది. ఇంటి గుట్టు బజారున పడింది. ఎవర్నీ పిలవకుండా నేనే నేర్చుకొనే దారి ఏదైనా ఉందా?” అని అడిగారు.

ఉందమ్మా. ఆ దారి మీ కంప్యూటరులోనే ఉంది.

మీటల పైవరసలో, ఎడమచేతి వైపున ‘ఎఫ్ 1’ అని ఒక మీట ఉంటుంది. చాలా ప్రోగ్రాముల్లో అది నొక్కితే సహాయం తెరుచుకుంటుంది. ల్యాప్‌టాపుల్లో తరచు ఆ మీటకే చప్పుడో వెలుతురో మార్చే పని కూడా అప్పగిస్తారు. అలాంటప్పుడు కింది వరసలోని ‘ఎఫ్ ఎన్’ మీటతో కలిపి నొక్కాలి.

ఇక మీ కూడిక సంగతి. ఎక్సెల్‌లో ఒక ఖాళీ గడిలో నిలబడి, షిఫ్టు పట్టుకొని ‘ఎఫ్ 3’ నొక్కండి. సూత్రాల జాబితా వస్తుంది. అందులో గణితం వర్గం ఎంచుకొని ఒక్కొక్క పేరు మీద ఆగుతూ రండి. అది చేసే పని ఏమిటో కిందనే ఒక వాక్యంలో కనబడుతుంది. ‘సమ్ ఇఫ్’ దగ్గరకు వచ్చేసరికి మీకు కావలసింది దొరుకుతుంది. షరతుకు లోబడిన పద్దులను మాత్రమే కూడే సూత్రమది. దాన్ని తెరిస్తే మూడు గళ్ళు వస్తాయి. మొదటిదానిలో వ్యాపారుల పేర్లున్న వరస చూపాలి, రెండోదానిలో కావలసిన పేరు రాయాలి, మూడోదానిలో డబ్బున్న వరస చూపాలి. ఏ గడిలో ఏం రాయాలో కూడా అక్కడే వివరణ ఉంటుంది. ఈ కాస్తకూ ఇంటర్నెట్ అక్కరలేదు. అన్నట్టు, యంత్రానికి మర్యాదలు తెలియవు. ఒకచోట ఉత్త పేరు, మరోచోట అదే పేరుకు ‘గారు’ చేర్చి రాశారనుకోండి, ఇద్దరు వేరు మనుషులనుకుంటుంది.

ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీసు వాడేవారికి ఇదే జాబితా కంట్రోలు, ‘ఎఫ్ 2’ కలిపి నొక్కితే వస్తుంది. దాని సహాయ గ్రంథాన్ని విడిగా తెచ్చి పెట్టుకొంటే, నెట్ లేని రోజున కూడా ‘ఎఫ్ 1’ పలుకుతుంది.

యంత్రంతో పాటు పుస్తకం ఇవ్వడం ఈనాటి ఆచారం కాదు. అమెరికాలోని బెల్ లేబొరేటరీలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్‌కు 1971 నవంబరు 3 తేదీతో మొదటి వివరణ గ్రంథం వెలువడింది. తరువాత ‘మ్యాన్’ అని రాసి పక్కన ఆజ్ఞ పేరు రాస్తే ఆ పుట తెరమీదికే వచ్చే ఏర్పాటు చేశారు. లినక్స్‌లో ఇప్పటికీ అది పనిచేస్తుంది. ఆ పుటల్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ప్రోగ్రాములోని లోపాలు ఇవీ అని చెప్పడానికే ఒక శీర్షిక కేటాయించారు. తన తప్పు తాను చెప్పే పుస్తకాన్ని నమ్మవచ్చు గదా!

అయితే అడగడం తెలియాలి. అమరకోశంలో మాటలు వర్గాలుగా ఉంటాయి. బ్రౌన్ నిఘంటువులో అక్షరక్రమంలో ఉంటాయి. సహాయంలో కూడా విషయసూచిక మొదటి పద్ధతి, అకారాది సూచిక రెండోది. వెదికే గడి మూడోది. ఆ గడిలో మన కష్టం చెప్పుకొంటే లాభం లేదు. “లెక్క కుదరడం లేదు” అంటే దానికేం తెలుస్తుంది? కూడిక, వరస, ముద్రణ అని పని పేరు చెప్పాలి. తెరమీద పొరపాటు సందేశం వస్తే, దాన్ని ఉన్నదున్నట్టు రాయాలి.

ఇంగ్లీషుతో చిక్కు ఉన్న మాట నిజమే. విండోస్‌లోనూ, లిబ్రె ఆఫీసులోనూ మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు గాని, లోపలి వివరాలు చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇంటరు చదివే పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. వాక్యాలు చిన్నవే.

దీనికి బద్ధకించి కొందరు ఇంటర్నెట్‌లో కనబడ్డ ఏదో నంబరుకు ఫోను చేస్తారు. అవతలివాడు పెద్ద కంపెనీ మనిషినంటాడు. తియ్యగా మాట్లాడి, మీ తెర తనకు కనబడేలా ఒక ప్రోగ్రాము పెట్టిస్తాడు. పత్తి అమ్మిన డబ్బు బ్యాంకులోంచి మాయం కావడానికి ఆపైన ఎంతోసేపు పట్టదు. అలా జరిగితే సిగ్గుపడి కూర్చోక, వెంటనే 1930కి ఫోను చేయండి. సైబరు మోసాల మీద ఫిర్యాదు తీసుకొనే ప్రభుత్వ నంబరది. ‘ఎఫ్ 1’ మాత్రం మిమ్మల్ని ఓటీపీ అడగదు, మీ బాకీల సంగతి ఎవరికీ చెప్పదు.

ఆ సోదరికి రెండే మాటలు. ఏ కొత్త పని చేసేముందైనా పట్టికకు ఒక నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయోగాలు చేయండి. కుదిరిన ప్రతి పనినీ, ఏ మీట తరువాత ఏ మీటో, మీ మాటల్లో ఒక నోటుబుక్కులో రాసుకోండి. తెలుగులో దొరకని సహాయ గ్రంథం మీ ఇంట్లో అలా తయారవుతుంది. రేపు పక్కింటివారికి అవసరం పడితే, వారు ఆ కుర్రవాణ్ణి పిలవక్కరలేదు.