బోర్డు దగ్గరే బురిడీ!

బజారులో దుకాణం పక్క వీధికి మారితే పాత తలుపు మీద ఓ బోర్డు వేలాడదీస్తారు, 'మా షాపు ఫలానా చోటికి మార్చబడినది' అని. అలవాటుగా వచ్చినవాళ్లు అది చూసి కొత్త చోటికి వెళ్తారు. ఇంటర్నెట్‌లోనూ అచ్చం ఇలాంటి బోర్డులే ఉన్నాయి. వాటిని 'రీడైరెక్ట్' అంటారు. బ్యాంకు వెబ్‌సైట్ పేరొక్కటే టైప్ చేసినా, పేజీ తెరుచుకునేసరికి చిరునామా మొదట్లో 'హెచ్‌టీటీపీఎస్' అని చేరిపోతుంది. చాలాకాలం ఆ పని చేసింది ఈ బోర్డే.

ఇంతకీ ఎందుకీ దారి మళ్లింపు?

'ఎస్' లేని హెచ్‌టీటీపీ పాత దారి. అందులో వెళ్లే సమాచారం పోస్టుకార్డు లాంటిది. మధ్యలో ఎవరి చేతిలో పడినా చదవొచ్చు, కావాలంటే దిద్దొచ్చు. 'ఎస్' ఉన్నది అంటించిన కవరు లాంటిది. 1994లో నెట్‌స్కేప్ సంస్థ దీనికి శ్రీకారం చుట్టింది. పాత దారిన వచ్చిన బ్రౌజర్‌కి వెబ్‌సైట్ సర్వర్ '301' అనే అంకె పంపుతుంది. 'చిరునామా శాశ్వతంగా మారింది, ఇకపై అక్కడికి వెళ్లు' అని దానర్థం. రెప్పపాటులో బ్రౌజర్ కొత్త దారి పడుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆ బోర్డు ఉన్నది పాత వీధిలో! అంటే మొట్టమొదటి మాట పోస్టుకార్డు మీదే వెళ్తుంది. ఉచిత వైఫై పెట్టి కాచుకుని కూర్చున్న మోసగాడికి ఆ క్షణం చాలు. బోర్డును దాచేస్తాడు. బ్యాంకుతో తాను సురక్షితమైన దారిలో మాట్లాడుతూ, ఖాతాదారుకి మాత్రం అదే పేజీని పాత దారిలో చూపిస్తాడు. రంగులూ బొమ్మలూ అన్నీ అసలువే. పాస్‌వర్డ్ మాత్రం మధ్యలోవాడికి చిక్కుతుంది. 2009లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అనే భద్రతా నిపుణుడు అమెరికాలో జరిగిన బ్లాక్‌హ్యాట్ సదస్సులో దీన్ని చేసి చూపించారు.

మరుసటి ఏడాది మరో లోపం బయటపడింది. అప్పట్లో చాలా సైట్లు పాస్‌వర్డ్ అడిగే పేజీకి మాత్రమే భద్రత కల్పించి, మిగతా పేజీలను పాత దారికే వదిలేసేవి. లోపలికి వచ్చినవారిని గుర్తుపట్టే చీటీ లాంటి 'కుకీ' బాహాటంగా అటూఇటూ తిరిగేది. 2010లో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన 'ఫైర్‌షీప్'తో, ఒకే వైఫైలో ఉన్నవారి ఖాతాల్లోకి మామూలు మనిషి కూడా దూరగలనని తేలింది. ఒక్క పేజీకి కాదు, సైటు మొత్తానికీ భద్రత ఉండాలని అందరికీ తెలిసొచ్చింది.

మరి బోర్డు సంగతి? దానికి విరుగుడుగా 2012లో 'హెచ్ఎస్‌టీఎస్' అనే ప్రమాణం వచ్చింది. ఒకసారి సురక్షితమైన దారిలో వచ్చిన బ్రౌజర్‌కి 'ఇక పాత వీధి మొహం చూడకు, నేరుగా ఇక్కడికే రా' అని సైటు చెబుతుంది. చెప్పిన గడువు వరకూ బ్రౌజర్ ఆ మాట గుర్తుంచుకుంటుంది. మొదటిసారి వెళ్లేటప్పుడు కూడా ఇబ్బంది లేకుండా కొన్ని సైట్ల పేర్లను బ్రౌజర్‌లోనే ముందుగా రాసి ఉంచుతున్నారు. 2021 నుంచి క్రోమ్ కూడా, టైప్ చేసిన చిరునామాకి ముందు సురక్షితమైన దారినే వెతుకుతోంది. అది దొరక్కపోతే మాత్రం పాత దారికి మళ్లే వీలుంది. అందుకే సైటు యజమాని జాగ్రత్త ఇప్పటికీ అవసరమే.

స్కూలుకో, చిన్న వ్యాపారానికో వెబ్‌సైట్ ఉన్నవారు ఖర్చుకి వెనకాడనక్కర్లేదు. 2015 నుంచి 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' సంస్థ భద్రతా సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తోంది. కాకపోతే పనులు వరసలో జరగాలి. ముందు సర్టిఫికెట్, తర్వాత 301 బోర్డు, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక హెచ్ఎస్‌టీఎస్. అదీ మొదట్లో తక్కువ గడువుతోనే పెట్టాలి. ఎందుకంటే, తర్వాత సర్టిఫికెట్ గడువు తీరిపోతే బ్రౌజర్ సొంత కస్టమర్లను కూడా లోపలికి రానివ్వదు.

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సింది కొంచెమే. బ్యాంకు చిరునామాను 'ఎస్'తో సహా బుక్‌మార్క్ చేసుకోవాలి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఎప్పుడూ సురక్షితమైన కనెక్షనే వాడమనే ఏర్పాటు ఉంది, ఫైర్‌ఫాక్స్‌లోనూ అలాంటిదే ఉంది. దాన్ని ఆన్ చేసుకోవాలి. 'సురక్షితం కాదు' అన్న హెచ్చరిక కనిపిస్తే పాస్‌వర్డ్ కొట్టకుండా వెనక్కి వచ్చేయాలి.

మరో మాట. 'ఎస్' ఉంది కదాని ప్రతి సైటునూ నమ్మకూడదు. దారిలో ఎవరూ చదవలేరన్నదే దాని భరోసా. అవతలివాడు మంచివాడని కాదు. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి దొంగ సైటు పెట్టినవాడు కూడా ఆ సర్టిఫికెట్ తెచ్చుకోగలడు. తాళం బొమ్మను చూసి జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ దాన్ని చిరునామా పక్కనుంచి తీసేసింది. కాబట్టి 'ఎస్' చూశాక, పేరును కూడా అక్షరం అక్షరం చదవాలి. ఓటీపీ కోసం ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు నొక్కేముందు ఆ మాత్రం ఓపిక ఇంటిల్లిపాదికీ ఉండాలి.